నెమ్మదిగా, తీరిగ్గా, తాపీగా: ఇంగ్లీషులో ఏ మాట ఎక్కడ?

పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు 'మా వాడు చాలా నెమ్మదస్తుడండీ' అంటే సగం పని అయిపోయినట్టే. అదే మాట బయోడేటాలో 'హి ఈజ్ వెరీ స్లో' అని దిగిందనుకోండి, న్యూజెర్సీలో పుట్టి పెరిగిన అమ్మాయి అది చదివి, పాపం అబ్బాయికి బుర్ర అంత చురుగ్గా పనిచేయదు కాబోలు అనుకుంటుంది. ఇంగ్లీషులో మనిషికి 'స్లో' తగిలిస్తే ముందు తట్టే అర్థం అదే మరి.

మన 'నెమ్మదిగా', 'మెల్లగా' ఇంట్లో అన్ని పనులకీ వస్తాయి. వేగం తగ్గించమన్నా అవే, గొంతు తగ్గించమన్నా అవే, జాగ్రత్తగా పట్టుకోమన్నా అవే, నొప్పి తగ్గిందన్నా అవే. బళ్లో మాత్రం వాటికి 'స్లోలీ' అని ఒకే అర్థం నేర్పి వదిలేశారు. పదో తరగతి వ్యాసం నుంచి ఆఫీసు మెయిల్ దాకా దాంతోనే నెట్టుకొస్తున్నాం. పర్యాయపదాల పట్టికలు నెట్‌లో బోలెడు దొరుకుతాయి, అలాంటిది ఇంకొకటి ఇక్కడ ఇవ్వడం లేదు. తెలుగు వాక్యం మనసులో మెదిలాక సరైన ఇంగ్లీషు మాట దాకా ఎలా వెళ్లాలో ఒక్కో మెట్టుగా చూద్దాం. ఏ మాట నచ్చినా ఫోన్లో నిఘంటువు తెరిచి దాని ఉచ్చారణ ఒకసారి వినండి. తెలుగు లిపిలో రాస్తే అన్ని శబ్దాలూ పట్టవు.

మొదటి మెట్టు: అసలు ఏది నెమ్మది?

ఇంగ్లీషు మాట వెతికే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. వేగమా, శబ్దమా, స్పర్శా, బాధా, స్వభావమా? వేగం అయితేనే 'స్లో' దగ్గరికి వెళ్లాలి. మిగతావన్నీ వేరే దారులు.

'నెమ్మదిగా మాట్లాడు, పాప పడుకుంది' అన్నప్పుడు మనకు కావలసింది గొంతు తగ్గించడం. కాబట్టి 'స్పీక్ సాఫ్ట్‌లీ' అనాలి, లేదా 'కీప్ యువర్ వాయిస్ డౌన్'. 'స్పీక్ స్లోలీ' అంటే ఎదుటివాళ్లు ఒక్కో మాటా విడమరిచి, అదే గొంతుతో మాట్లాడతారు. పాప లేస్తుంది. ఫోన్లో అమెరికన్ యాస అర్థం కానప్పుడు మాత్రం 'కుడ్ యూ స్పీక్ ఎ లిటిల్ మోర్ స్లోలీ, ప్లీజ్?' అని నిక్షేపంగా అడగవచ్చు. అక్కడ కావలసింది వేగం తగ్గడమే.

'గాజు సామాను, మెల్లగా దించండి' అనేది చేతికి సంబంధించిన మాట. 'జెంట్లీ' లేదా 'కేర్‌ఫుల్లీ' సరిపోతుంది. పెట్టె మీద రాయాలంటే 'హ్యాండిల్ విత్ కేర్'. స్లోగా దించుతూ కూడా గాజు సామాను పగలగొట్టేవాళ్లు ఉంటారు.

'జ్వరం నెమ్మదించింది' అన్నది ఇంకా చిక్కు. పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లిన అమ్మానాన్నలు డాక్టరుతో 'ఫీవర్ ఈజ్ స్లో నౌ' అంటే ఆయన తెల్లమొహం వేస్తాడు. జ్వరం 'కమ్ డౌన్' అవుతుంది, నొప్పి 'ఈజ్' అవుతుంది. 'ద ఫీవర్ హాజ్ కమ్ డౌన్', 'ద పెయిన్ హాజ్ ఈజ్డ్ ఎ లిటిల్.' వాన నెమ్మదిస్తే 'ద రెయిన్ హాజ్ లెట్ అప్', గాలివాన నెమ్మదిస్తే 'ద స్టార్మ్ హాజ్ డైడ్ డౌన్'. 'ఇప్పుడు ఒంట్లో నెమ్మదిగా ఉంది' అంటే 'ఐ యామ్ ఫీలింగ్ బెటర్ నౌ', అంతే.

'నాన్నను మెల్లగా అడిగి చూడు' అనే మాటలో వేగమూ లేదు, శబ్దమూ లేదు, ఉన్నది నేర్పు. 'బ్రింగ్ ఇట్ అప్ ట్యాక్ట్‌ఫుల్లీ' అనవచ్చు. చెడు వార్త అయితే దానికి ప్రత్యేకంగా ఓ నుడికారం ఉంది: 'బ్రేక్ ఇట్ టు హర్ జెంట్లీ'. ఎవరైనా బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి 'నెమ్మదిగా వెళ్ళిరండి' అంటాం కదా, దానికి 'గో స్లోలీ' అనకండి. 'డ్రైవ్ సేఫ్లీ' లేదా 'హావ్ ఎ సేఫ్ ట్రిప్' అనండి. 'అదంతా నెమ్మదిగా చెబుతాలే' అంటే 'ఐ విల్ టెల్ యూ లేటర్'.

గాలికి 'స్లో విండ్' వాడరు. మెల్లగా వీచే గాలి 'జెంటిల్ బ్రీజ్'. ఇది కవులు మాత్రమే వాడే మాట అనుకోకండి. గాలి వేగాన్ని కొలిచే బోఫర్ట్ స్కేలులో మూడో అంకె పేరే అది, గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల మధ్య. అంతకంటే తక్కువైతే 'లైట్ బ్రీజ్'. వంటింట్లో సన్న సెగ మీద పులుసు మరిగించడానికి 'సిమర్' అనే క్రియ ఉంది. సన్న సెగకు మనవాళ్లు 'లో ఫ్లేమ్' అంటారు. మంటే కనపడని కరెంటు పొయ్యిలున్న దేశంలో వంట చెబుతుంటే 'లో హీట్' అనడం నయం.

ఈ మెట్టు మీదే 'కామ్' సంగతి కూడా తేల్చుకోవాలి. తెలుగులో 'కామ్‌గా కూర్చో' అంటే నోరు మూసుకుని కూర్చో అని. ఇంగ్లీషులో 'కామ్' అంటే కంగారు, కోపం, ఆదుర్దా లేకపోవడం. గలగలా మాట్లాడే మనిషి కూడా 'కామ్'గా ఉండవచ్చు, నోరు విప్పని మనిషి లోపల్లోపల టెన్షన్‌తో ఉడికిపోతూ ఉండవచ్చు. క్లాసులో అల్లరి ఆపాలంటే 'బీ క్వయట్'. ఏడుస్తున్న వాళ్లనో అరుస్తున్న వాళ్లనో 'కామ్ డౌన్' అంటారు. అయితే ఒక మాట, కోపంతో ఊగిపోతున్న పెద్దవాళ్లను 'కామ్ డౌన్' అంటే కోపం తగ్గదు సరికదా ఇంకాస్త పెరుగుతుంది. మనలో 'ఎందుకండీ అంత ఆవేశం' అంటే పెరిగినట్టే.

రెండో మెట్టు: మెచ్చుకుంటున్నారా, విసుక్కుంటున్నారా?

వేగం గురించే మాట్లాడుతున్నామని తేలింది. ఇప్పుడు ఆ తక్కువ వేగం మీకు నచ్చిందో లేదో చెప్పాలి. తెలుగులో ఈ పని మనం ఆలోచించకుండానే చేసేస్తాం. 'నింపాదిగా భోంచేశాం' అంటే సంతోషం. 'పోలింగ్ మందకొడిగా సాగింది' అంటే అసంతృప్తి. 'పనులు నత్తనడకన సాగుతున్నాయి' అంటే ఫిర్యాదు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఈ మూడింటికీ 'స్లో' పెట్టేసి రుచి లేకుండా చేసుకుంటున్నాం.

మెట్టుపాళయం నుంచి ఊటీ వెళ్లే నీలగిరి కొండ రైలునే తీసుకోండి. 46 కిలోమీటర్లు ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. కిటికీ పక్కన కూర్చుని తేయాకు తోటలు చూసుకుంటూ వెళ్లే యాత్రికుడికి అది 'ఎ లీజర్లీ రైడ్'. పైన ఎవరినో అర్జెంటుగా కలవాల్సినవాడికి అదే రైలు 'పెయిన్‌ఫుల్లీ స్లో'. ఇంజనీరింగు విద్యార్థి రాసే రిపోర్టులో 'ఎ లో-స్పీడ్ ట్రెయిన్'. రైలు ఒకటే. మాట మాత్రం ఎవరు ఎక్కారన్నదాన్ని బట్టి మారిపోయింది.

మెచ్చుకోలు మాటల్లో ముందు నేర్చుకోవాల్సింది 'లీజర్లీ'. మన 'తీరిగ్గా'కు దీని కంటే దగ్గర మాట లేదు. 'ఎ లీజర్లీ వాక్', 'ఎ లీజర్లీ లంచ్'. బ్రిటిష్‌వాళ్లు 'లెజర్లీ' అంటారు, అమెరికన్లు 'లీజర్లీ' అంటారు, ఏదైనా ఫరవాలేదు. చేతిలో బోలెడు సమయం ఉండి, ఆ సమయాన్ని హాయిగా గడపడం ఈ మాటలో ఉంది. అందుకే సెలవురోజు సంగతులకు అతుకుతుంది గానీ ఆపరేషన్ థియేటరుకు అతకదు. సర్జన్ గారు లీజర్లీగా కుట్లు వేశారంటే రోగి బంధువులు ఊరుకోరు. ఆయన 'అన్‌హరీడ్'గా వేశారంటే మాత్రం ప్రశంసే: తొందరపడలేదు, పని మీదే దృష్టి పెట్టారు అని. మన 'నింపాదిగా'కు ఇది సరిజోడు.

'నిదానంగా' అన్నదానిలో ఆలోచన కలిసి ఉంటుంది. ఆచితూచి అడుగేయడం, తూకం వేసి మాట్లాడటం. దానికి 'డెలిబరేట్', 'మెజర్డ్' అని రెండు మంచి మాటలున్నాయి. 'షి స్పోక్ ఇన్ ఎ మెజర్డ్ టోన్.' 'డెలిబరేట్'తో జాగ్రత్త, దానికి 'కావాలని చేసిన' అనే అర్థం కూడా ఉంది. 'ఎ డెలిబరేట్ మిస్టేక్' అంటే నిదానంగా చేసిన తప్పు అనుకునేరు, అది పనిగట్టుకుని చేసిన తప్పు. 'నిలకడగా' అనడానికి 'స్టెడీ'. 'నిదానమే ప్రధానం' అని మనం అనే చోట వాళ్లు 'స్లో అండ్ స్టెడీ విన్స్ ద రేస్' అంటారు. పూర్తిగా ఒకటే భావం కాదు గానీ సందర్భాలు కలుస్తాయి.

'స్లో' అనే మాటే ఈమధ్య మెచ్చుకోలు జాబితాలోకి ఎక్కింది. 1986లో రోమ్ నగరంలో స్పానిష్ మెట్ల దగ్గర మెక్‌డొనాల్డ్స్ తెరవబోతుంటే ఇటలీ పాత్రికేయుడు కార్లో పెట్రీని, ఆయన మిత్రులు నిరసనకు దిగారు. ఫాస్ట్ ఫుడ్‌కు ఎదురుగా 'స్లో ఫుడ్' అన్నారు. 1989లో పారిస్‌లో ఆ ఉద్యమ ప్రణాళిక మీద పలు దేశాలవాళ్లు సంతకాలు చేశారు. వాళ్ల గుర్తు ఏమిటో ఊహించండి, నత్త. మన పత్రికలు తిట్టడానికి వాడే నత్తను వాళ్లు బ్యాడ్జీ చేసి గుండె మీద పెట్టుకున్నారు. 'స్లో ట్రావెల్', 'స్లో లివింగ్' అన్నవన్నీ ఆ కొమ్మకు కాసినవే. కాబట్టి ట్రావెల్ వీడియోకు 'స్లో మార్నింగ్స్ ఇన్ కోనసీమ' అని పేరు పెడితే ఈ రోజుల్లో ఎవరూ తప్పుగా అనుకోరు.

ఇక విసుగు మాటలు. వీటిలో ఎక్కువ పనికొచ్చేది 'స్లగ్గిష్', అచ్చం మన మందకొడి. మార్కెట్, పోలింగ్, అమ్మకాలు, కంప్యూటరు, మురుగు కాలువ, మధ్యాహ్నం భోజనం తర్వాత మన ఒళ్లు, అన్నిటికీ సరిపోతుంది. 'స్లగ్' అంటే గుల్ల లేని నత్త అని తెలిసినవాళ్లు ఆ ప్రాణి నుంచి ఈ మాట వచ్చిందనుకుంటారు. నిజానికి ఇంగ్లీషులో ఆ మాటకు ముందున్న అర్థం సోమరి మనిషి, ప్రాణికి ఆ పేరు తర్వాత తగిలింది.

'పాండరస్' అంటే బరువుగా, ఈడ్చుకుంటూ సాగేది: ఉపన్యాసాలకూ, గ్రాంథిక వాక్యాలకూ, మూడు గంటల సినిమాలకూ వాడుకోండి. 'గ్లేషియల్ పేస్' అంటే హిమనదం కదిలినంత నెమ్మది, కోర్టు కేసులకు బాగా నప్పుతుంది. 'ఎట్ ఎ స్నెయిల్స్ పేస్' మన నత్తనడకే గనక మనవాళ్లు ఇట్టే పట్టేస్తారు, అందుకే అతిగా వాడతారు కూడా. అమెరికన్లు 'స్లో యాజ్ మొలాసెస్' అంటారు, మొలాసెస్ అంటే మడ్డి లాంటి చెరకు పాకం. దీనికో విషాదం తోడుంది. 1919 జనవరి 15న బాస్టన్‌లో ఆ పాకం నిల్వ చేసిన భారీ ట్యాంకు పగిలి, వీధుల్లోకి కెరటంలా దూసుకొచ్చి 21 మందిని బలి తీసుకుంది. సామెతను నమ్ముకుంటే పరిగెత్తే వ్యవధి కూడా ఉండేది కాదన్నమాట.

'లెథార్జిక్' మాత్రం ఊరికే వాడకండి, ముఖ్యంగా చంటిపిల్లల విషయంలో. మనం 'పాప కాస్త నీరసంగా ఉంది' అనే ఉద్దేశంతో ఆ మాట అంటే, పిల్లల డాక్టరు దగ్గర ఫోనెత్తిన నర్సుకు వేరే చిత్రం కనపడుతుంది: లేపినా సరిగా లేవని బిడ్డ. వెంటనే ఎమర్జెన్సీకి రమ్మంటారు. ఉత్త నీరసమైతే 'టైర్డ్' అనండి, చాలు.

తెలుగులో ఒక గడుసు వాడకం ఉంది. 'మేమిక్కడ హడావుడి పడి చస్తుంటే ఆయన తాపీగా టీ తాగుతున్నాడు.' తాపీ మంచి మాటే, కానీ ఇక్కడ అది ఎత్తిపొడుపు. ఇంగ్లీషులో దీనికి అచ్చంగా సరిపోయేది 'టేకింగ్ హిజ్ స్వీట్ టైమ్'. స్వీట్ అన్న మాట చూసి మెచ్చుకోలు అనుకుని పై ఆఫీసరు గురించి అనేరు సుమా.

మూడో మెట్టు: 'స్లోలీ' కొట్టేసి క్రియ మార్చండి

రాసే ఇంగ్లీషును ఒక్కసారిగా మెరుగుపరిచే చిట్కా ఏదైనా ఉంటే ఇదే. 'వాక్డ్ స్లోలీ' అని రాసినచోటల్లా ఆగి, ఎలా నడిచారో కళ్లముందు తెచ్చుకోండి. మనం కూడా తెలుగులో ప్రతిసారీ 'నెమ్మదిగా నడిచాడు' అనం. షికారు కొట్టాడు అంటాం, పచార్లు చేశాడు అంటాం, కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు అంటాం.

విశాఖలో సాయంత్రం ఆర్కే బీచ్ వెంట కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే 'స్ట్రోల్'. దాదాపు అదే నడక, ఇంకాస్త గమ్యం లేకుండా, ఒళ్లు వదిలేసి నడిస్తే 'ఆంబుల్'. పరీక్షకు గంట ఆలస్యంగా వచ్చి కూడా చేతులు జేబులో పెట్టుకుని దర్జాగా హాల్లోకి నడిచి వచ్చేవాడు 'సాంటర్' చేస్తున్నాడు. అలిపిరి నుంచి తిరుమల మెట్లెక్కుతూ చివర్లో మోకాళ్లు మొరాయిస్తుంటే గోవిందా అనుకుంటూ ఎక్కేది 'ట్రడ్జ్'. దానికి దగ్గరదే 'ప్లాడ్', ఇందులో అలసట కంటే మొండి ఓపిక పాలు ఎక్కువ, అందుకే చదువుకూ పనికీ కూడా వాడతారు: 'ప్లాడింగ్ త్రూ ద సిలబస్'. బడికి బయల్దేరమంటే చెప్పులు వెతుకుతూ, కుక్కపిల్లతో ఆడుతూ తాత్సారం చేసే పిల్లలు 'డాడిల్' చేస్తున్నారు. పెళ్లి భోజనాలయ్యాక కూడా వెళ్లాలనిపించక అక్కడే కుర్చీల్లో కూలబడితే 'లింగర్'. పనీపాటా లేకుండా, చూసేవాళ్లకు అనుమానం వచ్చేలా తచ్చాడితే 'లాయిటర్'. 'నో లాయిటరింగ్' అని బోర్డు ఉన్నచోట నిలబడి ఫోన్ చూసుకుంటే వాచ్‌మన్ వచ్చి అడుగుతాడు.

బళ్లకు వేరే క్రియలు. అమీర్‌పేట చౌరస్తాలో సాయంత్రం ఆరు గంటలకు ట్రాఫిక్ 'క్రాల్' చేస్తుంది. ఇంకా దారుణంగా ఉంటే 'ఇంచ్ ఫార్వర్డ్' అవుతుంది, అంగుళం అంగుళం జరగడమే. 'క్రీప్' కూడా నెమ్మదే గానీ అందులో చప్పుడు చేయకుండా, ఎవరికీ తెలియకుండా అనే ఛాయ ఉంటుంది. ధరలు కొంచెం కొంచెంగా మనకు తెలియకుండా పెరిగిపోతే 'ప్రైసెస్ ఆర్ క్రీపింగ్ అప్' అనేది అందుకే.

ఒక హెచ్చరిక. ఈ క్రియలన్నీ కథలకూ, యాత్రా వ్యాసాలకూ, మాటలకూ బాగుంటాయి. ప్రాజెక్టు రిపోర్టులో పనివాళ్లు ఆంబుల్ చేశారని రాస్తే నవ్వుతారు.

నాలుగో మెట్టు: మనుషుల దగ్గరికి వచ్చేసరికి

మనిషి స్వభావానికి 'స్లో' వాడకూడదు. అమెరికాలో ఇళ్ల మధ్య రోడ్ల మీద 'స్లో చిల్డ్రన్ ఎట్ ప్లే' అని బోర్డులు పెడతారు. నెమ్మదిగా వెళ్లండి, పిల్లలు ఆడుకుంటున్నారు అని దాని భావం. కామా లేకపోవడంతో మందబుద్ధి పిల్లలు ఆడుకుంటున్నారు అని కూడా చదువుకోవచ్చు, దాని మీద అక్కడ పాత జోకులున్నాయి. మన బళ్లలో ఇంకా వినపడే 'స్లో లెర్నర్' అనే మాట కూడా పిల్లవాడికి ముద్ర వేస్తుంది. 'హి నీడ్స్ ఎ లిటిల్ మోర్ టైమ్' అంటే తల్లిదండ్రులకు అదే సంగతి అర్థమవుతుంది, పిల్లవాడికి బాధ ఉండదు.

నెమ్మదస్తుణ్ణి ఏమనాలి? గొంతు పెంచని మనిషి అయితే 'సాఫ్ట్-స్పోకెన్'. కోపతాపాలు లేని మనిషి 'ఈవెన్-టెంపర్డ్'. ఎవరి జోలికీ పోని సాధువు 'మైల్డ్-మ్యానర్డ్'. ఎంత గందరగోళంలోనూ చెక్కుచెదరని మనిషి 'అన్‌ఫ్లాపబుల్', ఉద్యోగాల సిఫారసు లేఖలో దీన్ని చూస్తే ఏ మేనేజరుకైనా నచ్చుతుంది. పని నిదానంగా చేసినా పకడ్బందీగా చేసేవాళ్లు 'మెథాడికల్', 'థరో'. 'హి ఈజ్ స్లో బట్ గుడ్' అని రాసే బదులు 'హి ఈజ్ మెథాడికల్' అంటే ఉన్నమాట చెప్పినట్టే ఉంటుంది, ఎదుటివాళ్ల ఉద్యోగమూ నిలబడుతుంది.

'ఈజీ-గోయింగ్', 'లెయిడ్-బ్యాక్' రెండూ ఒకటేనని చాలా చోట్ల రాస్తారు. నేను ఒప్పుకోను. 'ఈజీ-గోయింగ్' అంటే సర్దుకుపోయేవాడు, ఏదైనా సరేననేవాడు. 'లెయిడ్-బ్యాక్' అంటే ఏదీ పెద్దగా పట్టించుకోనివాడు. స్నేహితుడి గురించైతే రెండూ బాగుంటాయి. ఇంటర్వ్యూలో మీ గురించి మీరు 'లెయిడ్-బ్యాక్' అని చెప్పుకుంటే డెడ్‌లైన్ అంటే భయం లేదని చెప్పుకున్నట్టు.

ఐదో మెట్టు: ఆఫీసు మెయిల్

'తొందరేం లేదండీ, నెమ్మదిగా చూసి చెప్పండి.' ఎంత మర్యాద మాట! దీన్ని 'ప్లీజ్ చెక్ స్లోలీ అండ్ టెల్ మీ' అని పంపేవాళ్లున్నారు. చదివేవాళ్లకు అది తను చదివే వేగం మీద ఆజ్ఞలా తోస్తుంది. తోటి ఉద్యోగికైతే 'నో రష్ ఆన్ దిస్. హావ్ ఎ లుక్ వెనెవర్ యూ గెట్ ఎ చాన్స్.' పెద్దవాళ్లకైతే 'ప్లీజ్ రివ్యూ దిస్ ఎట్ యువర్ కన్వీనియన్స్.' ఇక్కడో మెలిక ఉంది. అదే వాక్యంలో 'ఎర్లియెస్ట్' చేర్చి 'ఎట్ యువర్ ఎర్లియెస్ట్ కన్వీనియన్స్' అన్నారో, అర్థం తిరగబడుతుంది. అది మర్యాదగా తొందరపెట్టడం. తీరిగ్గా చూడమనే ఉద్దేశంతో ఆ మాట వాడి, గంటలో జవాబు వస్తే ఆశ్చర్యపోకండి.

'టేక్ యువర్ టైమ్' కింది ఉద్యోగికో, స్నేహితుడికో, దుకాణంలో చీర ఎంచుకుంటున్న ఆవిడకో చెబితే బాగుంటుంది. బాసుకు చెబితే మీరేదో అనుమతి ఇస్తున్నట్టుంటుంది. ఇప్పటికే ఆలస్యం చేసినవాళ్లకు 'ఎట్ యువర్ లీజర్' అని పంపితే వెటకారమే.

'సిస్టమ్ స్లోగా ఉంది' అనే ఫిర్యాదుతో ఐటీవాళ్లకు ఏమీ తెలియదు. పేజీ తెరుచుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో రాయండి. మీట నొక్కాక కాసేపటికి గానీ స్పందన రాకపోతే 'లాగ్', మొత్తంగా బరువుగా నడుస్తుంటే 'స్లగ్గిష్', అసలు కదలకపోతే 'ఫ్రోజెన్'.

రోడ్ల మీద చూసే 'గో స్లో' బోర్డుల అలవాటుతో మీటింగులో 'లెట్ అజ్ గో స్లో' అంటే తప్పేమీ లేదు. కానీ అదే 'గో-స్లో' నామవాచకమైతే బ్రిటిష్ ఇంగ్లీషులో సమ్మె పద్ధతి: పని ఆపకుండా, కావాలని మందగించడం. నైజీరియాలో అయితే ట్రాఫిక్ జామ్. లండన్ ఆఫీసుకు 'వి ఆర్ ప్లానింగ్ ఎ గో-స్లో' అని రాసేముందు ఒకసారి ఆలోచించుకోండి.

ఆరో మెట్టు: గ్రాఫులు, అంకెలు

విదేశీ చదువుల కోసం రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్. దాని అకడమిక్ రైటింగులో గ్రాఫు లాంటివి వివరించమనే మొదటి ప్రశ్నకు కనీసం 150 పదాలు రాయాలి, దానికి 20 నిమిషాలు పెట్టుకోమంటారు. అక్కడ మార్కులు పోయేది 'గ్రాడ్యువల్', 'స్టెడీ', 'స్లైట్' మూడింటినీ కలగాపులగం చేయడం వల్ల. ఒక ఊళ్లో సైకిళ్లు 20 నుంచి 22 అయ్యాయనుకోండి. ఒక్క నెలలోనే అయినా అది 'స్లైట్' పెరుగుదల, ఎందుకంటే 'స్లైట్' చెప్పేది ఎంత పెరిగిందో. అదే 20 నుంచి 80కి ఇరవై ఏళ్లలో ఎక్కడా దూకకుండా వెళితే 'గ్రాడ్యువల్'. ఏటా సరిగ్గా మూడేసి పెరిగితే 'స్టెడీ' అనడం ఇంకా కచ్చితం. ఇలా నాలుగు రెట్లయిన సంఖ్యను 'స్లైట్' అంటే పరీక్షకుడు గ్రాఫు చూడలేదనుకుంటాడు. కొన్నేళ్లు వేగంగా పెరిగి తర్వాత తగ్గకుండానే నెమ్మదిస్తే 'ద గ్రోత్ స్లోడ్'. ఇక్కడ 'ఫెల్' అని రాయకండి. వేగం తగ్గిందంతే, సంఖ్య తగ్గలేదు.

ఏడో మెట్టు: చిన్న చిన్న ముళ్లు

'లీజర్లీ' చివర 'లీ' ఉందని క్రియా విశేషణంలా వాడేస్తుంటారు. అలా వాడటం నిఘంటువుల్లో ఉంది గానీ 'ఎట్ ఎ లీజర్లీ పేస్' అనడమే చెవికి ఇంపు. 'ఫ్రెండ్లీ'ది కూడా ఇదే కథ.

'ఐ యామ్ రిలాక్స్' అనరు. నేను 'రిలాక్స్‌డ్', నాకు ఆ హాయి ఇచ్చిన ప్రయాణం 'రిలాక్సింగ్'. 'బోర్'తో చేసే పొరపాటూ ఇదే: 'ఐ యామ్ బోరింగ్' అంటే మీతో గడపడం విసుగని మీరే ఒప్పుకున్నట్టు.

'పేస్' స్లోగా ఉంటుంది, 'స్పీడ్' లోగా ఉంటుంది. గడియారం ఐదు నిమిషాలు వెనకబడితే 'ఫైవ్ మినిట్స్ స్లో', 'లేట్' అనరు. బేరాలు లేకపోతే 'బిజినెస్ ఈజ్ స్లో', ఇది దుకాణదారులు నిత్యం అనే మాట. 'మెల్లమెల్లగా నేర్చుకున్నాను' అన్నదానికి 'స్లోలీ స్లోలీ' అని జంట కట్టకండి, 'లిటిల్ బై లిటిల్' అనండి. 'స్లో డౌన్', 'స్లో అప్' రెండింటికీ అర్థం ఒకటే. ఎందుకని మాత్రం అడగొద్దు.

సంగీతం నేర్చుకునే పిల్లలకు విలంబ కాలం చెప్పాలంటే 'స్లో టెంపో' సరిపోతుంది. పాశ్చాత్య సంగీతం కూడా తెలిసినవాళ్లకు 'లెంటో', 'అడాజియో' అంటే వెంటనే అందుతుంది.

చేసి చూద్దాం

అరకు ప్రయాణం గురించి మనవాళ్లు రాసే మొదటి ప్రతి సాధారణంగా ఇలా ఉంటుంది: 'ద ట్రెయిన్ వెంట్ స్లోలీ. వి శా ద వ్యాలీ స్లోలీ. కోల్డ్ విండ్ కేమ్ స్లోలీ. ఇన్ అరకు వి వాక్డ్ స్లోలీ ఇన్ ద మార్కెట్. ఇట్ వాజ్ ఎ రిలాక్స్ ట్రిప్.'

ఒక్కో 'స్లోలీ'నీ పట్టుకుని మొదటి ప్రశ్న వేయండి. రైలుది వేగం, అది మనకు నచ్చింది కూడా: 'ద ట్రెయిన్ క్లైంబ్డ్ ఎట్ ఎ లీజర్లీ పేస్.' లోయను చూడటంలో ఉన్నది తీరిక: 'వి టుక్ అవర్ టైమ్ ఓవర్ ద వ్యూ.' ఒకవేళ మంచు విడిపోతూ లోయ కొంచెం కొంచెంగా కనపడిందని చెప్పాలనుకుంటే 'ద వ్యాలీ గ్రాడ్యువల్లీ కేమ్ ఇంటూ వ్యూ.' ఈ రెండింటిలో ఏది జరిగిందో రాసేవాళ్లకే తెలియాలి, నిఘంటువు చెప్పలేదు. గాలిది స్పర్శ: 'ఎ కూల్, జెంటిల్ బ్రీజ్ కేమ్ ఇన్ త్రూ ద విండో.' సంతలో నడకకు క్రియ మార్చాలి: 'వి స్ట్రోల్డ్ త్రూ ద మార్కెట్.' ప్రయాణం 'రిలాక్సింగ్'. ఐదు వాక్యాల్లో ఒక్క 'స్లో' కూడా మిగల్లేదు.

ఇప్పుడు మీ వంతు. 'మెల్లగా అందరూ జారుకున్నారు.' 'ఉద్యోగం చేసుకుంటూ మెల్లగా ఒక ఇల్లు కట్టుకున్నాడు.' 'దోసె మెల్లగా తిప్పు, విరిగిపోతుంది.' 'బండి కొంచెం నెమ్మదిగా పోనివ్వు బాబూ.' కింద చూడకుండా ముందు నోటితో అని చూడండి.

మొదటిదానిలో ఉన్నది వేగం కాదు, గుట్టు: 'వన్ బై వన్, దే ఆల్ స్లిప్ట్ అవే.' రెండోది ఏళ్ల తరబడి సాగిన పని: 'ఓవర్ ద ఇయర్స్, హి మేనేజ్డ్ టు బిల్డ్ ఎ హౌస్.' దోసెకు 'జెంట్లీ'. నాలుగోదానికి 'కుడ్ యూ స్లో డౌన్ ఎ బిట్, ప్లీజ్?' అనండి. క్యాబ్ డ్రైవరుతో ఇంకే మాటా అక్కర్లేదు.